పది గంటల బస్సు ఎక్కండి

నేను ఒక నల్లబల్లను. మూడు పనస చెక్కలు, వెనక రెండు అడ్డపట్టీలు, పదహారు మేకులు. నా మీద రాసిందంతా నిజమని నమ్మిన మనిషి ఈ లోకంలో ఒక్కతే ఉండేది. నమ్మింది గనకే ఇప్పుడు లేదు. ఆ సంగతి చెప్పడానికే నోరు తెరిచాను. లేకపోతే ఒక బల్ల ఎక్కడ పుట్టిందో ఎలా పెరిగిందో ఎవరికి కావాలి?

నేను తలుపు కావలసినదాన్ని. సంకివలసలో ఒక ఆసామి కొత్త ఇల్లు కట్టుకుంటూ పనసచెట్టు కొట్టించాడు. వడ్రంగి సోమలింగం చెక్కలు కోశాక చూస్తే ఒకదానికి కన్ను పడి ఉంది. కన్ను పడ్డ చెక్క గుమ్మానికి మంచిది కాదన్నారు. గుమ్మానికి పనికిరానిదాన్ని బడికి దానమిచ్చారు. ఊళ్ళో దానాలన్నీ ఇలాగే జరుగుతాయి. సోమలింగం మూడు చెక్కలూ కలిపి బిగించాడు గాని, రెండోదానికీ మూడోదానికీ మధ్య సన్నని సందు ఉండిపోయింది. దానం పనికి అంత నునుపు అక్కర్లేదనుకున్నాడు. నా మీద రాసిన ప్రతి వరుసా ఆ సందు దగ్గర ఒకసారి తెగేది.

బడి ఒకే గది, ఒకే మేష్టారు. పట్నాయక్ మేష్టారు శనివారం శనివారం పిల్లల చేత బొగ్గు నూరించి, దొండాకు పసరు కలిపి నాకు పట్టించేవాడు. ఆ పసరు వాసన ఇంకా నా చెక్కల్లో ఉంది. పిల్లల్లో తవిటయ్య అని ఒకడుండేవాడు. కొండ దిగువన ఊటగూడ నుంచి నాలుగు కిలోమీటర్లు నడిచి వచ్చేవాడు. లెక్కలు రావు, పద్యం నోటికి రాదు. అక్షరం మాత్రం ముత్యం.

"నీ బుర్రలో ఏమీ లేదురా తవిటిగా. దేవుడు ఉన్నదంతా నీ వేళ్ళలో పెట్టేశాడు," అనేవాడు మేష్టారు.

తవిటయ్య నా మీద రాసిన మొదటి అబద్ధం ఒక అంకె. ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని తెలిసిన రోజు మేష్టారు వాణ్ణి పిలిచి "హాజరు 42" అని రాయమన్నాడు. గదిలో పంతొమ్మిది మందే ఉన్నారు. వాడు వెనక్కి తిరిగి ఒకసారి చూశాడు, మళ్ళీ మేష్టారి మొహం చూశాడు.

"అది మనకి కాదురా, ఆయనకి," అన్నాడు మేష్టారు.

వాడు రాశాడు. ఇన్‌స్పెక్టరు పిల్లల్ని లెక్కపెట్టలేదు. "రాత ఎవరిది?" అని అడిగి, వాడి బుగ్గ మీద తట్టి వెళ్ళిపోయాడు. పదేళ్ళ పిల్లవాడికి ఆ రోజు ఒక పాఠం పట్టుబడింది. మనం చదువుకోవడానికి రాసేది వేరు, ఆఫీసర్లు చూడడానికి రాసేది వేరు. ఆ పాఠం సంకివలసలో ప్రతివాడికీ వచ్చు. అక్షరం ముక్క రానివాళ్ళకి కూడా వచ్చు.

కాలం గడిచింది. బడికి గోడ మీదే సిమెంటు బోర్డు పోశారు. నన్ను తీసి బడి వెనక మేకలు రాకుండా కంతకు అడ్డం పెట్టారు. వానకు తడిశాను, ఎండకు పగిలాను. అలా ఎన్నాళ్ళున్నానో లెక్క పెట్టుకోలేదు. ఒకనాడు ఎవరో వచ్చి నా మీది మట్టి అరచేత్తో తుడిచారు. చెయ్యి పెద్దదైనా వేళ్ళను గుర్తుపట్టాను. ఊళ్ళో కొత్తగా పెట్టిన ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో తవిటయ్యకు అటెండరు ఉద్యోగం వచ్చింది. ఆసుపత్రికి బోర్డు కావాలి, పైనుంచి ఎవరూ పంపలేదు.

నన్ను సైకిలు వెనక కట్టుకుని తీసుకుపోయి, కడిగి, పసరు పట్టించి, వరండాలో రెండు కొక్కేలకు తగిలించాడు. ఎత్తు సరిపోయిందో లేదో నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు. నా బతుకులో నన్ను కావాలని తెచ్చుకున్నవాడు అతనొక్కడే. అందుకని అతన్ని మన్నిస్తాననుకోకండి.

ఆసుపత్రి నాలుగు గదులు. డాక్టరు ఇందుశేఖర్ గారు పట్నంలో కాపురం. అక్కడే ఆయన సొంత ఆసుపత్రి. ఇక్కడికి మంగళవారం వచ్చేవారు, తీరితే శుక్రవారం వచ్చేవారు. నర్సమ్మ టీకాలకు ఊళ్ళ మీద తిరిగేది. రోజూ కనిపించేది ఇద్దరే, మందులిచ్చే పాపినాయుడు, తుడిచి కడిగే తవిటయ్య.

పొద్దున్నే ఊడ్చాక తవిటయ్య నా ముందు నిలబడేవాడు. టీకాల రోజు, మలేరియా మందు చల్లే ఊళ్ళు, కుక్కకాటు సూది ఉందో లేదో, అన్నీ తెల్లటి సుద్దతో వరసగా రాసేవాడు. ప్రతి వరస కిందా ఒక గీత. చలికాలం వస్తే జిల్లా నుంచి ఒక కాగితం వచ్చేది. మంచులో తిరగరాదు. వెచ్చని దుస్తులు ధరించవలెను. పొయ్యి పొగకు దూరముగా ఉండవలెను. ఉన్న ఒక్క దుప్పటీ నలుగురు కప్పుకునే ఊళ్ళకు, పొయ్యి దగ్గరే పడుకుంటే తప్ప తెల్లవారని ఊళ్ళకు ఆ మాట ఎవరు రాసి పంపారో తెలియదు. రాసినవాడికి చలి వేసి ఉండదు.

జనం నన్ను చదివేవాళ్ళు కాదు. గేటు దగ్గర డాక్టరు గారి కారుందా లేదా చూసుకునేవాళ్ళు. కారుంటే లోపలికి, లేకపోతే వెనక్కి. నన్ను చదవడానికి పనిగట్టుకుని కూర్చున్నది ఎర్నమ్మ.

ఎర్నమ్మ తవిటయ్య భార్య. పిల్లల్లేరు. నలభై దాటిన మనిషి. మార్గశిరం దిగిందంటే ఆయాసం పట్టుకునేది. కూర్చుంటే రొమ్ము పిల్లనగ్రోవిలా కూసేది. ఆ నెలల్లో తవిటయ్య ఆమెను సైకిలు మీద ఎక్కించుకుని వచ్చి, పాపినాయుడి దగ్గర మాత్రలు ఇప్పించి, తన పని అయ్యేదాకా వరండాలో కూర్చోబెట్టేవాడు. ఊరికే కూర్చోవడం ఆమెకు చేతకాదు.

"ఏటి రాసినావు మావా, ఇది?" అని అడిగింది ఒకరోజు.

"సదువుకుంటే తెలస్తాది."

"నాకు సదువెవులు సెప్పినారు?"

"నాను సెప్తాను. కూకో."

మూడు చలికాలాలు చెప్పాడు. తుడుపుగుడ్డ భుజాన వేసుకుని, సుద్దముక్కతో ఒక్కో అక్షరం కింద కొడుతూ చెప్పాడు. ఆమె వేలు నా మీద పెట్టి దిద్దుకునేది. ఆ సందు దగ్గరికి వచ్చేసరికి వేలు ఆగేది, అక్షరం అక్కడితో అయిపోయిందనుకునేది. "అది సందే ఎర్రిదానా, దాటు," అని నవ్వేవాడు తవిటయ్య. అతను నవ్వడం నేను చూసింది ఆ మూడు చలికాలాల్లోనే.

ఆమె ఎవరూ అందివ్వకుండా తనంతట తాను చదివిన మొదటి మాట "ఆయాసం". చదివి, మాట అర్థమయ్యాక, చేత్తో రొమ్ము పట్టుకుని, "ఓలమ్మా, నా రోగం దీనిమీదుంది," అంది. దొరికిన వస్తువు దొరికినట్టు సంబరపడింది.

ఇక జరగకూడనిది చెబుతాను.

ఆ ఏడు జిల్లా ఆఫీసరు తనిఖీకి వస్తున్నాడని కబురొచ్చింది. డాక్టరు గారు రెండు రోజులు ముందే వచ్చి, బెంచీలకు రంగు వేయించి, పాత దుప్పట్లు దాచేసి, తవిటయ్యను పిలిచారు. చేతిలో ఒక కాగితం పెట్టారు. దాని మీదున్నది ఇది:

డాక్టరు గారు ప్రతిరోజు ఉదయం 9 నుండి సాయంత్రం 4 వరకు అందుబాటులో ఉందురు.

ప్రాణవాయువు ఎల్లవేళలా లభించును.

తరవాత చలికాలపు జాగ్రత్తలు. అన్నిటికీ చివర, "ఆయాసము వచ్చినచో ఇంటివద్ద ఆలస్యము చేయక వెంటనే ఆసుపత్రికి రావలెను."

తవిటయ్య కాగితం చదువుకున్నాడు. ప్రాణవాయువు సిలిండరు మూలగదిలో ఉంది. అది ఖాళీ అయి రెండు వానాకాలాలు. దాని మెడకు సాలెగూడు తుడిచేది కూడా అతనే. సుద్ద తీసుకున్నాడు. నేనొక చెక్కను, కాదనలేకపోయాను. అతనికి నోరుంది. కాదనలేదు.

ఎప్పుడూ అంత బాగా రాయలేదు. ఆఫీసరు వచ్చాడు. సిలిండరు దాకా వెళ్ళలేదు. నా ముందు ఆగాడు.

"ఎవరిది ఈ చేతిరాత?"

"మా అటెండరు సార్. ఐదో తరగతి," అన్నారు డాక్టరు గారు, తనే నేర్పినట్టు.

"ప్రింటు కొట్టినట్టుందయ్యా! సుద్దతో రాస్తే చెరిగిపోతుంది. దీన్ని పెయింటుతో రాయించండి. అన్ని కేంద్రాలకూ ఇదే నమూనా పెడదాం."

తవిటయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చెవులు ఎర్రబడ్డాయి. మర్నాడు సన్నకుంచె పెట్టి, సుద్ద అక్షరాల మీదే తెల్ల పెయింటు దిద్దాడు. ఒక్క అక్షరం కూడా వంకర పోలేదు. అప్పటిదాకా అబద్ధమైనా మర్నాడు తుడిచేసేవాడు. ఆ రోజుతో తుడిచే పని కూడా తప్పింది.

ఊళ్ళో ఎవరూ మోసపోలేదు. కారు చూసుకోవడం మానలేదు. "బోర్డుకి కొత్త రంగేసినారు, పిల్లనిస్తారు కాబోలు," అని హాస్యమాడుకున్నారు. తరవాతి మంగళవారం ఎర్నమ్మ సైకిలు దిగి వచ్చి నా ముందు నిలబడింది. సందు దాటుకుంటూ, ఊపిరి తీసుకుంటూ, మొదటి వరస చివరిదాకా చదివింది.

"మావా, రోజూ ఉంటారా డాక్టరు బాబు?"

ఆ క్షణం తవిటయ్య చేతిలో చీపురుంది. పక్కన ఎవరూ లేరు. "నేదే, అది ఆపీసరు కోసం," అనడానికి ఒక్క ఊపిరి చాలు. కాని మూడేళ్ళు తను దగ్గర కూర్చోబెట్టి చదువు చెప్పిన మనిషి, మొదటిసారి ఒక వరస తనంతట చదివి, నిజమా అని అడుగుతోంది. జిల్లా ఆఫీసరు మెచ్చిన రాత అది.

"నాను రాసినానంటే నిజిమే," అన్నాడు.

అంతే. ఇంకేమీ జరగలేదు. ఇంతకంటే పెద్ద పాపం చెయ్యడానికి అతనికి ఆ తరవాత అవకాశం రాలేదు.

పుష్యమాసంలో జిల్లా నుంచి జీపు వచ్చింది. నమూనా బోర్డులు రాయడానికి తవిటయ్యను తీసుకుపోయింది. రెండు రోజుల పని. జీపులో ముందు సీటు. నాకు చెయ్యెత్తి చూపించి మరీ వెళ్ళాడు, పొగరు కొద్దీ.

మర్నాడు గురువారం. కొండలు కనిపించనంత మంచు. ఎనిమిదిన్నరకు ఎర్నమ్మ గేటు లోపలికి వచ్చింది. సైకిలు లేదు, నాలుగు కిలోమీటర్లూ నడిచింది. మంచులో తిరగరాదని నా మీద ఉంది, ఆయాసం వస్తే వెంటనే రావలెనని కూడా నా మీదే ఉంది. రెండూ పాటించలేక ఒకటి పాటించింది. చీర చెంగు తలమీంచి ముక్కుకు చుట్టుకుంది. మెట్టు ఎక్కడానికి రెండుసార్లు ఆగింది. నా కింద గోడకు చేరగిలబడి, పైకి చూసి, రాత ఉందో లేదో చూసుకుంది.

పక్క బెంచీ మీద గురుమమ్మ ఉంది. మోకాళ్ళ నొప్పులకు నూనె అడగడానికి వచ్చే ముసలిది, నోరు మంచిది కాదు.

"ఏటే ఎర్నీ, ఇంత మంచులో! నీ మొగుడేడీ?"

"జిల్లాకెల్లినాడు అప్పా... బోర్డులు రాయడానికి."

"డాక్టరు రానేదు. కారేదీ? ఇయ్యాల లచ్చివారమే."

"తొమ్మిదికొస్తారు. రాసుంది గదా."

"ఓలి పిచ్చిదానా! అది ఆపీసర్లకే. ఊరంతా ఎరుగుదుము. పది గంటల బస్సొస్తాది, ఎక్కి పెద్దాసుపత్రికి పో. నాను ఎక్కిస్తాను, లే."

ఎర్నమ్మ తల అడ్డంగా ఊపింది. మాటకూ మాటకూ మధ్య ఊపిరి కోసం ఆగుతూ అంది, "మాయాయన... అబద్దం రాయడు."

గురుమమ్మ నా వైపు చూసి ఉమ్మేసింది. నా మీద పడలేదు గాని నాకే.

తొమ్మిదింపావుకు పాపినాయుడు వచ్చి తాళం తీశాడు. ఎర్నమ్మను చూసి రెండు మాత్రలిచ్చాడు, నీళ్ళిచ్చాడు. "డాక్టరు బాబొస్తారా?" అని ఆమె అడిగింది. అతను నోరు తెరిచి, ఆ మాట అడుగుతున్నది అటెండరు పెళ్ళామని గుర్తొచ్చి, ఆమెకు తెలియకుండా ఉంటుందా అనుకుని, రోజూ అందరికీ చెప్పేదే ఆమెకూ చెప్పాడు.

"వచ్చేస్తారులే, కూకో."

చెడ్డవాడు కాదు పాపినాయుడు. చెడ్డవాడైతే మీ కోపానికి ఒక చోటు దొరికేది.

పదిగంటలకు బస్సు వచ్చింది. ఆసుపత్రి గేటుకు ఎదురుగానే ఆగుతుంది. మంచులోంచి ముందు దీపాలు కనిపించాయి, తరవాత హారను వినిపించింది. గురుమమ్మ లేచి ఎర్నమ్మ చెయ్యి పట్టుకుని గుంజింది. ఎర్నమ్మ రెండో చేత్తో కిటికీ ఊచ పట్టుకుంది. కండక్టరు రెండుసార్లు ఈల వేశాడు. బస్సు కదిలింది. తిరిగి బస్సు నాలుగింటికి. ఫోను చేస్తే వచ్చే బండ్లు ఆ రోజుల్లో లేవు.

పదకొండయ్యేసరికి మంచు విడిచింది. ఎండ వరండాలోకి వచ్చింది. ఆమెకు మాత్రం ఊపిరి రావడం లేదు. పెదాలు నేరేడుపండు రంగు తిరిగాయి. పాపినాయుడు మూలగదిలోకి పరిగెత్తి సిలిండరు మర తిప్పాడు. ముల్లు కదల్లేదు. అది కదలదని అతనికీ తెలుసు. అయినా తిప్పాడు. తరవాత రోడ్డు మీదికి పరిగెత్తి, ఏ లారీ అయినా ఆపుదామని నిలబడ్డాడు. గురుమమ్మ ఎర్నమ్మను ఒళ్ళో పడుకోబెట్టుకుని వీపు రాస్తోంది, తిడుతోంది. ఎవర్ని తిడుతోందో ఆమెకే తెలియదు.

"నాలుగు దాకా... ఉంటారని రాసుంది అప్పా," అంది ఎర్నమ్మ. "ఇంకా టైముంది."

అవే ఆఖరి మాటలు. ఒంటిగంట కాలేదు.

ఆ వేళకు జిల్లా ఆఫీసు వరండాలో తవిటయ్య ఏడో బోర్డు మీద "ప్రాణవాయువు ఎల్లవేళలా లభించును" అని రాస్తున్నాడట. ఎవరో లెక్కగట్టి చెప్పారు. అలాంటి లెక్కలు కట్టి చెప్పేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు.

డాక్టరు గారు శుక్రవారం వచ్చారు. నా ముందే నిలబడి, "పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాల్సింది కదా, ఇంత అజాగ్రత్త ఏమిటి!" అని పాపినాయుణ్ణి కోప్పడ్డారు. కర్మకని ఒక కవరు పంపించారు. తవిటయ్య ఆ కవరు విప్పకుండా వెనక్కి పంపాడని విన్నాను.

పెద్దకర్మ అయ్యాక తవిటయ్య డ్యూటీకి వచ్చాడు. గుండు, తెల్ల పంచె. వరండాలో గురుమమ్మ కూర్చుని ఉంది. ఎవరైనా ఓదార్పు మాట అంటారు. ఆమె అనలేదు.

"అందరం సెప్పినాం. నీ రాతే నమ్మినాది. నువ్వు రాసింది సదివి సచ్చిపోనాది రా, తవిటీ."

అతను చీపురు తీసుకున్నాడు. వరండా ఊడ్చాడు, కడిగాడు. ఆమె కూర్చున్న చోట ఇంకోసారి కడిగాడు. ఊచకు తగిలి చిరిగిన చీర పోగు ఒకటి ఉంటే తీసి మొలలో దోపుకున్నాడు. తరవాత లోపలికి వెళ్ళి కొడవలి తెచ్చాడు.

పెయింటు గుడ్డతో పోదు. కొడవలి మొనతో గీకాడు. మొదటి వరస గీకడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. ప్రాణవాయువు వరసకు సాయంత్రమైంది. దొండాకు పసరు, బొగ్గు, చెక్క పైపొర, అన్నీ లేచిపోయాయి. నా ఒంటి మీద రెండు తెల్లని గాట్లు మిగిలాయి. నొప్పి పుట్టిందా అని అడగకండి. పుట్టినా చెప్పను.

చలికాలపు జాగ్రత్తలు అలాగే ఉంచాడు. చివరి వరసలో "ఆయాసము వచ్చినచో ఇంటివద్ద ఆలస్యము చేయక వెంటనే" అన్నదాకా ఉంచి, తక్కిన మాటలు గీకేశాడు. ఆ చోట సుద్దతో రాశాడు:

పది గంటల బస్సు ఎక్కండి.

పైన గాట్ల మీద రోజూ పొద్దున్న ఏది నిజమైతే అది రాశాడు. "ఈ రోజు డాక్టరు లేరు." "ఈ రోజు కూడా లేరు." "సిలిండరు ఖాళీ." "నర్సమ్మ ఊళ్ళో లేదు. మాత్రలున్నాయి." డాక్టరు గారు వచ్చిన రోజున "ఉన్నారు" అని కూడా రాశాడు. ముత్యాల్లాంటి రాత పోయింది. గాట్ల మీద సుద్ద ఎగుడుదిగుడుగా పడేది. ఆ వంకర రాతనే జనం చదవడం మొదలుపెట్టారు. రానివాళ్ళు వచ్చినవాళ్ళ చేత చదివించుకున్నారు. ఎగపోతతో రొప్పుతున్న ఒక పసివాణ్ణి తెచ్చిన తల్లి, ఒక్క నిమిషం కూడా కూర్చోకుండా బస్సెక్కింది. ఆ పిల్లవాడు బతికాడని విన్నాను. బతికితే మంచిదే. ఎర్నమ్మకు దానివల్ల ఒరిగిందేమీ లేదు.

పదిహేను రోజులు సాగింది. పదహారో రోజు డాక్టరు గారు నన్ను చదివారు. ఆయన నన్ను మొత్తం చదవడం అదే మొదటిసారి అనుకుంటాను.

"ఏం రాశావయ్యా ఇది? ఎవడు రాయమన్నాడు నిన్ను?"

"ఎవులూ సెప్పనేదు బాబూ. అప్పుడు మీరు సెప్పినట్టు రాసినాను. ఇప్పుడు నాను సూసినట్టు రాసినాను."

"నీ కష్టం నాకు తెలుసు. అలాగని ప్రభుత్వ సూచన గీకేస్తావా? జనాన్ని ఆసుపత్రికి రావొద్దంటావా?"

"నాను రావొద్దననేదు. మీరు రారని రాసినాను."

పాపినాయుడు మందుల గదిలోకి తప్పుకున్నాడు. డాక్టరు గారు తెల్లబోయి, తరవాత ఎర్రబడి, తరవాత కాగితం తీసుకున్నారు. ప్రభుత్వ ఆస్తికి నష్టం కలిగించినందుకు మెమో. ఆ ఆస్తి నేనే. నాకు విలువ కట్టింది ఆ ఒక్కసారే.

నన్ను కొక్కేల నుంచి దించమని తవిటయ్యకే చెప్పారు. అతనే దించాడు. వెనక కొట్టంలో తుప్పు పట్టిన మంచాలు, విరిగిన తూకం, ఆ ఖాళీ సిలిండరు పడి ఉన్నాయి. వాటి మధ్య నన్ను గోడకు తిప్పి పెట్టాడు. ఏళ్ళు గడిచాక వరండాలోకి రంగుల ఫ్లెక్సీ వచ్చిందని విన్నాను. అందులో కొత్త డాక్టరు నవ్వుతూ ఉంటాడట. ఉదయం 9 నుండి సాయంత్రం 4 వరకు.

నేను లేకపోయినా తవిటయ్య ఊరుకోలేదు. పొద్దున్న ఊడ్చడం అయ్యాక గేటు దగ్గర నిలబడి, వచ్చినవాళ్ళకు నోటితోనే చెప్పేవాడు. ఆ గొంతు కొట్టం దాకా వినిపించేది. "డాక్టరు నేరు. బస్సెక్కండి." రెండు మెమోలు, ఒక ఇంక్రిమెంటు కోత. పదవీ విరమణ నాడు పూలదండ వెయ్యడానికి ఎవరూ ముందుకు రాలేదు. పాపినాయుడు వెయ్యబోతే తవిటయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

ఆ రోజే కొట్టంలోకి వచ్చి నన్ను బయటికి తీశాడు. ఎవరినీ అడగలేదు, ఎవరూ వద్దనలేదు. గేటుకు ఎదురుగా బస్సు ఆగే చోట నాలుగు గుంజలు పాతి, నన్ను వాటి మీద పరిచి, మేకులు కొట్టాడు. అక్షరాలున్న వైపు కిందికి, అడ్డపట్టీలున్న వైపు పైకి. మొదట్లో రోగులు పట్టీలు గుచ్చుకుంటున్నాయని విసుక్కున్నారు. తరవాత అలవాటు పడ్డారు. రోగికి దేనికైనా అలవాటు పడడమే కదా పని.

ఇప్పుడు నేను బెంచీని. కింద మట్టి వైపు తిరిగిన నా మొహం మీద ఆ చివరి వరస ఇంకా ఉంది. వానకు సుద్ద పోయింది. పెయింటు మిగిలింది. "ఆయాసము వచ్చినచో ఇంటివద్ద ఆలస్యము చేయక వెంటనే" దాకా ఉంది. ఆ తరవాత ఏమీ లేదు, గాటుంది.

తవిటయ్య ఇప్పటికీ రోజూ ఊటగూడ నుంచి నడిచి వస్తాడు. చలికాలంలో మరీ పెందలాడే. అతని రొమ్ము కూడా ఈ మధ్య కూస్తోంది. నా మీద ఓ చివర కూర్చుంటాడు. ఆసుపత్రిలోకి వెళ్ళేవాళ్ళని ఆపి, మొహాలు చూసి, పెదాల రంగు చూసి, ఎవరు కూర్చోవచ్చో ఎవరు బస్సెక్కాలో చెబుతాడు. ఊళ్ళో కొందరు దీన్ని పుణ్యం అంటారు. నేననను. ఆమె చెయ్యి పట్టుకుని అక్షరం దిద్దించిన వేలు ఎవరిదో నాకు తెలుసు. "నిజిమే" అన్న నోరు ఎవరిదో కూడా తెలుసు.

ఈ పొద్దున కూడా మంచు పట్టింది. పది గంటలకు దీపాలు కనిపించాయి, హారను వినిపించింది. నా మీద నలుగురున్నారు. ముగ్గురు లేచి ఎక్కారు.

కండక్టరు కొత్తవాడు. తల బయటికి పెట్టి, "తాతా, దగ్గుతున్నావు, నువ్వు కూడా ఎక్కు. బేగి!" అన్నాడు.

"నాను కాదు. ఈల్లు ముగ్గురే," అన్నాడు తవిటయ్య.

బస్సు వెళ్ళిపోయింది. అతను కదల్లేదు. ఒక చెయ్యి నా అంచు కిందికి పోనిచ్చి, సందు మీదుగా ఒక్కో అక్షరం తడుముకున్నాడు. "వెంటనే" దాకా వచ్చి, గాటు దగ్గర ఆగాడు.